లోకంలో నాన్న

అమీర్‌పేట మెట్రో మెట్ల పక్కన ఒక దర్జీ దుకాణం. పొద్దున్నే ఒక అమ్మాయి వచ్చి పాత చొక్కా ఒకటి బల్ల మీద పెట్టింది.

“ఆది చొక్కా ఇదే, మాస్టర్ గారూ. మా నాన్నది. ఆదివారానికి కొత్తది కుట్టివ్వాలి.”

“గిది మస్తు పాతది గదమ్మా. ఆయన ఇంకా గింతే ఉన్నడా?”

“తెలీదండీ. నేను బాప్తిస్మం తీసుకున్నాక ఆరేళ్లుగా మా మధ్య మాటల్లేవు. ఈ ఆదివారం మొదటిసారి మా చర్చికి వస్తానన్నారని అమ్మ చెప్పింది. ఆ రోజు ప్రసంగం నాది.”

“దేని మీద?”

“దేవుడు లోకాన్ని ప్రేమించాడన్న మాట మీద. లోకమంటే నమ్మినవాళ్లేనని మా చర్చి పెద్దలు కొందరంటారు. అలా చెబితే నాన్న బయటివాడైపోతారు.”

“పిలిచి గేటు కాడ నిలబెట్టినట్టు. నాకు బైబిల్ తెల్వదు గానీ ఒకటి చెప్పు. ఆ నమ్మినోళ్లను దేవుడు ప్రేమించింది వాళ్లు నమ్మే ముందా, నమ్మినంకనా?”

“ముందే.”

“మరి ఫికర్ ఎందుకు? మీ నాయన సుత ఆ లోకంలనే ఉన్నడు.”

“ఉన్నారు. ఆయన మారాకే మాట్లాడదామని ఇన్నాళ్లూ కూర్చున్నది నేనే.”

“అది నువ్వూ ఆయనా చూస్కోండ్రి. నాకైతే కొలత కావాలె. గీ చొక్కా చూసి కత్తెర పెట్టలేను.”

“ఒక్క నిమిషం, ఫోన్ చేస్తాను... నాన్నా, నేనే. ఇప్పుడు మీ ఛాతీ కొలత ఎంత?... నవ్వకండి నాన్నా, మాస్టర్ గారు టేపు పట్టుకుని నిలబడ్డారు.”