ప్రొఫెసర్ మార్కెసెత్తి ఎవరినీ అడగలేదు

అయ్యలారా, అమ్మలారా, సముద్రం మీదికి విసిరికొట్టే ఈ బోరా చలిగాలికి కిటికీలు ఊడొచ్చేలా ఉన్నా ఇంతమంది వచ్చారు. ప్రొఫెసర్ ఒద్దోనే మార్కెసెత్తి పోయి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. నేను తుల్లియోను. ముప్పై ఏళ్లు ఆయన పత్రికా, పుస్తకాలూ అచ్చువేసినవాణ్ణి. ఆయన లేరంటే నాకు బాధగానే ఉంది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత చెబితే మీలో కొందరు నమ్మరు.

నాకంటే ముందు మాట్లాడిన అబ్బాయిలు ముగ్గురూ ఒకటే అన్నారు: ఆయన నల్లచొక్కాలవాళ్లకు, అదే అప్పట్లో దేశాన్నేలిన ఫాసిస్టులకు, తలవంచలేదని. నిజమే, వంచలేదు. ఎందుకు వంచలేదు? ఆ సంగతి ఎవరూ అడగరేం?

కోటుకు వాళ్ల పార్టీ బిళ్ళ లేకపోతే ఉద్యోగాలు ఊడే రోజులవి. ఆయన పెట్టుకోలేదు. కాఫీ హోటల్లో నలుగురి ముందూ, "ట్రామ్ కండక్టర్లు కూడా పెట్టుకునే బిళ్ళ నాకెందుకయ్యా?" అన్నారు. మేమంతా నవ్వాం. ధైర్యమంటే ఇదీ అనుకున్నాం. మా నాన్న ట్రామ్ కండక్టరు. అయినా నేనూ నవ్వాను.

ఆయనకు వాళ్లమీద కోపం దేనికో తెలుసా? మనుషుల్ని కొడుతున్నారని కాదు. చదువూ సంస్కారం లేనివాళ్లు కొడుతున్నారని! పుట్టుకతో గొప్పవాళ్లు ఏలాలి, మిగతావాళ్లు అణిగి ఉండాలి, ఇదీ ఆయన వాదం. వాళ్ల నాయకుణ్ణి సంతలో సరుకమ్మేవాడని పత్రికలో రాశారు. ఐదో సంచిక రాగానే వాళ్లు ప్రెస్సు మీద పడ్డారు. ఆయన్ని ముట్టుకోలేదు, ప్రొఫెసరు కదా! నాచేత మాత్రం బలవంతాన లీటరు ఆముదం తాగించారు. టైపు కేసులన్నీ నేలమీద బోర్లించిపోయారు.

మా దగ్గర అక్షరాలు కూర్చే కంపోజిటరు ఎలియో లూత్సాట్టో మూడు రోజులు నేలమీద కూర్చుని ఆ సీసపు అక్షరాలు ఏరాడు. ప్రొఫెసరుగారూ పక్కనే కూర్చుని ఏరారు. చేతులు నల్లగా చేసుకున్నారు. ఎలియో తెచ్చుకున్న రొట్టెలో సగం తిన్నారు. ఇదీ నేను చూశాను, దాచను.

1938లో యూదులకు వ్యతిరేకంగా చట్టాలు వచ్చాయి. అప్పుడు రోమ్ నుంచి, ఆ పార్టీ పెద్దల నుంచే, ఆయనకు పిలుపొచ్చింది, రక్తం గొప్పదనం మీద ఒక పుస్తకం రాసిపెట్టమని. అన్నేళ్లూ పట్టించుకోనివాళ్లు పిలిచారు. వెళ్లారు. రాశారు. యూదుల రక్తం మనతో కలవదని రాశారు. అచ్చుకు నా దగ్గరికే పంపారు. ఆ పేజీలు కంపోజ్ చేసిందెవరనుకున్నారు? ఎలియో. యూదుడు. ప్రూఫులు చేతికిస్తూ, "ప్రొఫెసరుగారూ, ఇందులో నేనెక్కడున్నానండీ?" అని అడిగాడు. "నీ గురించి కాదయ్యా ఎలియో, ఇది తత్వం," అన్నారాయన. ఎలియో తలూపి, ఆ పేజీలోనే తప్పుపడిన ఏడాది అంకె ఒకటి దిద్ది మరీ ఇచ్చాడు. మెషిన్ తిప్పింది నేను. అవును, నేనే.

1943 చివర్లో, మన ఊరు ఆక్రమించిన జర్మన్లు ఎలియోను పట్టుకెళ్లి, జైలుగా మార్చిన బియ్యం మిల్లులో పడేశారు. చావు శిబిరానికి రైలెక్కించడానికి నాలుగు రోజులుంది. ఆ పుస్తకం మీద ఆయన సంతకం కోసం ప్రొఫెసరుగారింటికి జర్మన్ ఆఫీసర్లు వచ్చిపోతుండేవారు. ఎలియోను వదిలేయమని ఆయన వాళ్లకు ఒక్క చీటీ రాస్తే చాలని ఎలియో భార్య నివెస్ వెళ్లారు. నేనూ వెంట వెళ్లాను. ఆయన అంతా విన్నారు. "అమ్మా, ఆ మూర్ఖుల ముందు నేను చేయి చాచను. ఇంతవరకూ చాచలేదు," అన్నారు.

విన్నారా అబ్బాయిలూ? మీరు ఇందాక పొగిడిన గుణం ఇదే! పుస్తకం కోసం రోమ్‌లో వాళ్ల గుమ్మం తొక్కిన మనిషికి, ఒక ప్రాణం కోసం ఒక్క చీటీ రాయాలంటే పరువు అడ్డొచ్చింది. రైలు వెళ్లిపోయింది. ఎలియో తిరిగి రాలేదు.

నివెస్ గారు వెనక వరసలో ఉన్నారు. నేను పిలవలేదు, ఆవిడే వచ్చారు. ఆ రోజు ఆవిడ మాట్లాడినంతసేపూ నిలబడే ఉన్నారు. ప్రొఫెసరుగారు కుర్చీలోంచి లేవలేదు. ఆవిడను కూర్చోమని అనలేదు. నేను గోడకానుకుని నోరు మూసుకున్నాను.

ఇప్పుడు లేవండి. వేదిక మీదివాళ్లూ, ముందు వరసవాళ్లూ, అందరూ. వెనక వరసవైపు తిరగండి. మీరు లేవకండి నివెస్ గారూ, మీరు కూర్చోండి. ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడకండి.