రోజక్క నాలిక మీద పుండు

"అమ్మమ్మా, తేనెటీగల బంక క్యాన్సర్ మీద పనిచేస్తుందేమోనని మా కాలేజీలో పరీక్షలు చేస్తున్నారు. మీ రోజుల్లోనూ అలా అనుకునేవాళ్ళా?"

అనుకోవడమేవిటే తల్లీ, మా ఇంట్లో వాడాం కూడానూ. మా రోజక్కకి. మా పెద్దక్క, నువ్వు చూళ్ళేదులే, మీ అమ్మ కూడా సరిగ్గా ఎరగదు. డెబ్భైల్లో మాట. అప్పుడు గుణదల కొండ వెనకంతా మామిడితోటలు. ఇప్పుడు చెబితే నమ్ముతారా? అక్క మొగుడు ఇన్నయ్య బావ వన్ టౌన్‌లో బట్టలకొట్టు గుమాస్తా. ఆదివారం చర్చిలో పూజ అవ్వగానే తోటలోకి పరిగెత్తేవాడు. అక్కడ తేనెటీగల పెట్టెలు పెట్టుకున్నాడు. పిచ్చోడని నవ్వేవాళ్ళు. అక్క మాత్రం, అతను కుట్టించుకుని వస్తే కూర్చోబెట్టి ముళ్ళు తీసేది.

అక్క గుళ్ళో పాటలు పాడేది. ఏం గొంతనుకున్నావ్! అలాంటిదానికి నాలిక పక్కన పుండు లేచింది. పన్ను గీరుకుందనుకున్నాం. బావ తేనె రాశాడు, తగ్గింది. తగ్గిందంటే... తగ్గలా, మంట తగ్గింది. దాంతోనే మోసపోయాం.

ఎవరో చెప్పారంట బావకి, పెట్టె సందులకి ఈగలు పూసే బంక తింటే ఎంత గడ్డయినా కరుగుతుందని. అది గీకి తెచ్చి, తేనెలో మెదిపి, పొద్దున్నే కాఫీ కంటే ముందు పెట్టేవాడు. నమ్మాడే మనిషి. మా పెద్దన్నయ్య వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్ళమని పోట్లాడేవాడు. ఇంకొన్నాళ్ళు చూద్దాం అనేవాడు బావ. ఇంతలో అక్క పాటలు మానేసింది. అన్నం తగ్గించింది. దవడ కింద గడ్డ తేలాక అప్పుడు వెళ్ళాం పెద్దాసుపత్రికి.

డాక్టరు గారు మంచాయనే, కసురుకోలేదు. "తేనె పుండుకి మంచిదేనండి. ఇది పుండు కాదు" అన్నారు. బావ వరండాలో అలా కూలబడిపోయాడు, తేనె సీసా ఉన్న సంచీ ఒళ్ళో పెట్టుకుని.

కరెంటు పెట్టారు. రేడియేషనంటున్నారు చూడూ ఇప్పుడు, దాన్నే మేం అలా అనేవాళ్ళం. నోరంతా పొక్కిపోయింది. గంజి కూడా దిగేది కాదు. నర్సమ్మ ఒకావిడ, కొంచెం తేనె రాయండి హాయిగా ఉంటుందంది. బావ చెయ్యి లేవలా. అక్కే అతని వైపు తిరిగి నోరు తెరిచింది. అప్పుడు రాశాడు. ఉన్న మాట చెప్పాలిగా, ఆ తేనె రాశాకే కాస్త గంజి లోపలికి దిగింది. రోగం మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఓ మధ్యాహ్నం బావ మంచినీళ్ళు తేవడానికి వెళ్తే, అక్క నా చెయ్యి పట్టుకుని లాగింది. మాట ముద్దముద్దగా ఉండేది, చెవి దగ్గర పెట్టి విన్నాను. "ఆయన్ని ఎవర్నీ ఏమీ అననివ్వకే. ఆసుపత్రంటే నాకే భయమేసింది. వద్దని నేనే అన్నాను" అంది.

ఈస్టరు రాకముందే పోయింది.

సమాధుల తోటలో అందరం మట్టి వేస్తున్నాం. బావ ఇలా వంగి పిడికెడు తీసుకున్నాడో లేదో, పెద్దన్నయ్య మణికట్టు పట్టేశాడు.

"ఆ చేత్తో పెట్టింది చాల్లే" అన్నాడు.

ఫాదరు గారు పుస్తకం పట్టుకుని అలాగే నిలబడ్డారు. నేను ఇంట్లో అందరికంటే చిన్నదాన్ని, అన్నయ్య ముందు తలెత్తి ఎరగను. ఎక్కడినుంచి వచ్చిందో మరి, అక్క చెప్పింది చెప్పినట్టు గట్టిగా చెప్పేశాను. అన్నయ్య నా వంక చూశాడు, బావ వంక చూశాడు, వదిలేశాడు. బావ మట్టి వేసి అక్కడే కూర్చుండిపోయాడు, లేవలేకపోయాడు. చివరికి అన్నయ్యే చంకల్లో చేతులేసి లేపాడు. ఇద్దరూ అలా పట్టుకుని ఏడ్చారమ్మా... ఆ ఏడుపు వినలేం.

బావ మళ్ళీ తోటకి పోలేదు. పెట్టెలు అక్కడే ఎండకి ఎండి వానకి తడిసి పాడైపోయాయి. ఈగలు ఎటుపోయాయో ఏవిటో.

మీ కాలేజీలో ఆ బంకని పరీక్షించి చూడండి తల్లీ, బాగా చూడండి. అందులో ఏవన్నా ఉంటే బయటికి రానీండి. కానీ ఎవరన్నా సీసా పట్టుకుని నీ దగ్గరికొస్తే నవ్వకు, కసరకు. భయపడి వచ్చుంటారు. చెయ్యి పట్టుకుని ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. మరియమ్మ తల్లి నిన్ను చల్లగా చూడాలి. నీ చదువు ఏ ఇంట్లోనో ఒక ఆడపిల్లకైనా వేళకి అందాలి... అందుతుందిలే. ఆ దుప్పటి ఇలా అందుకో అమ్మా, చలేస్తోంది.