ఎర్ర దుప్పటి, నీలం దుప్పటి

ముందు సీట్లో స్టీరింగ్ పట్టుకుని మనవరాలు. వెనక సీట్లో తాత. ఆయన పక్కన ఎర్ర దుప్పటి చుట్టి, సీటుబెల్టు బిగించి పడుకోబెట్టిన కంప్యూటరు.

"నలభై ఏళ్ళు లారీ తోలానమ్మడూ! నా బండెక్కిన సరుకు పగిలిందన్న మాట పుట్టిందంటే ఈ మీసం తీసేసి నీ చేతిలో పెడతా."

"నీకు మీసం లేదు తాతా."

"ఉన్నట్టే అనుకో. మాట ముఖ్యం."

"సరే. చెయ్యి మాత్రం దాని మీదే ఉంచు. బ్రేకు వేస్తే ముందుకు జారుతుంది."

"జారదు. పైన బెల్టు వేశా, బెల్టు కింద దిండు పెట్టా, దిండు కింద మీ నానమ్మ శాలువా పెట్టా. పెళ్ళయిన రోజు మీ నానమ్మను కూడా ఇంత భద్రంగా తీసుకురాలేదు."

"నానమ్మ ఈ మాట వినాలి."

"విన్నాకే శాలువా ఇచ్చింది. అది సరే గానీ, నీ పక్క సీట్లో ఆ తెర ఏంటి, అలిగినట్టు ముఖం అటు తిప్పుకుని కూర్చుంది?"

"మానిటరుని అలాగే పెట్టాలి. ముఖం సీటు వైపు ఉంటే గీతలు పడవు. తాతా, పదకొండింటికి బడి కమిటీ కూర్చుంటుంది. ఇప్పుడు తొమ్మిదింపావు. ఇది అక్కడ వెలగకపోతే..."

"వెలుగుతుంది."

"వెలగకపోతే ఆరు నెలల పని..."

"వెలుగుతుందన్నాగా. అయినా నువ్వు గీసిన బడి బొమ్మలన్నీ నీ మెళ్ళో వేలాడే ఆ వేలెడు ముక్కలో కూడా ఉన్నాయన్నావు."

"పెన్‌డ్రైవులో ఉన్నాయి. కానీ ఆ బడిని తెర మీద నడిపించాలంటే ఈ మెషీనే కావాలి. వాళ్ళ ఆఫీసులోవి ఇంత బరువు లాగలేవు. కమిటీ వాళ్ళు గేటు తీసుకుని లోపలికి వెళ్ళినట్టు, వరండాలో తిరిగినట్టు, క్లాసులో కూర్చున్నట్టు చూడాలి. రెండో కంపెనీ వాళ్ళు నిన్ననే చూపించేశారు. నేను కాగితాలు పరుచుకుని కూర్చుంటే బడి కట్టే పని వాళ్ళకే పోతుంది."

"కిటికీలు కిందికే పెట్టావా?"

"పెట్టాను. పిల్లలు బెంచీ మీద కూర్చుంటే బయట కనబడేలా. నువ్వు చెప్పినట్టే."

"అదీ! నేను ఐదో తరగతి దాకా నేర్చుకున్నదంతా కిటికీలోంచే. నల్లబల్ల మీద ఏముండేదో నాకిప్పటికీ తెలీదు."

"స్పీడ్‌బ్రేకర్ వస్తోంది. పట్టుకో."

"పట్టుకున్నా. అమ్మడూ, ఇదేం నడపడం? పక్కన నడిచేవాడు మనల్ని దాటిపోయాడు."

"పోనీ."

"పోతూ పోతూ జాలిగా చూశాడు కూడా. నేను గుడ్ల లోడు తోలినప్పుడు కూడా ఇంత నెమ్మది లేదు."

"మళ్ళీ గుడ్లా?"

"పన్నెండు వేల గుడ్లు! దారంతా కంకర. నేను తోలుతుంటే లారీ నేల మీద ఉందో గాలిలో ఉందో గుడ్లకే తెలీలేదు. దించి లెక్కపెడితే ఎన్నున్నాయంటావు?"

"పన్నెండు వేలు."

"పన్నెండు వేల మూడు."

"ఆ మూడూ ఎక్కడివి తాతా?"

"దారిలో ఒక కోడి లిఫ్టు అడిగింది."

"అడిగిందా?"

"రోడ్డు పక్కన నిలబడి రెక్క ఎత్తింది. ఎక్కించుకున్నా. దిగేటప్పుడు ఊరికే దిగిపోవడం మర్యాద కాదనుకుంది పాపం."

"నాన్నకి చెప్పినప్పుడు రెండు గుడ్లేనట."

"మీ నాన్న అప్పుడు చిన్నవాడు. రెండు దాకానే వచ్చు. ఇదిగో, ముందు కుడివైపు దారి ఉంది చూడు. అటు తిప్పు."

"అటా? అది మొత్తం గుంతలు."

"అందుకే."

"అందుకేనా? అందుకే ఏంటి?"

"గాలి బావుంటుంది."

"తాతా, ఇందాకటి నుంచి బెల్టు, దిండు, శాలువా అన్నావు. ఇప్పుడు గుంతల్లోకి తిప్పమంటావేంటి?"

"తిప్పకపోతే మానెయ్యి. ఊరికే అన్నా. రేపెవరైనా అడిగితే చెప్పుకోడానికి ఒక గుంత ఉంటే మంచిదని."

"ఏం చెప్పుకోడానికి?"

"నువ్వు రోడ్డు చూడు."

"ఏం చెప్పుకోడానికి తాతా?"

"ఏముంది... పొద్దున..."

"పొద్దున?"

"మెట్లు..."

"మెట్లు ఏంటి? మెట్లకేమైంది?"

"మెట్లకేం, బాగానే ఉన్నాయి."

"తాతా! కంప్యూటరు పడేశావా?"

"నేను పడెయ్యలేదు. అదే దిగింది. మూడో మెట్టు నుంచి. నాకంటే ముందు. అమ్మడూ? ఏడుస్తున్నావా? అద్దంలో సగం ముఖమే కనబడుతోంది. పక్కకి ఆపు, ముందు పక్కకి ఆపు. అయ్యో... ఇదేంటి, నవ్వుతున్నావా?"

"ఆగు తాతా... ఊపిరి తీసుకోనీ... మూడో మెట్టు నుంచా? నీకంటే ముందా?"

"ఇందులో నవ్వేముంది?"

"నువ్వు పడేసింది పాతది! మూడేళ్ళ కిందట చచ్చింది. లోపలి భాగాలన్నీ ఎప్పుడో ఊడదీసేశా, అది వట్టి పెట్టె. నిన్న సాయంత్రం నేనే తుడిచి, పక్కన ఎర్ర దుప్పటి మడతపెట్టి, నీకోసం బల్ల మీద ఉంచా."

"నాకోసమా?"

"అసలుదాన్ని నీలం దుప్పటిలో చుట్టి డిక్కీలో పడుకోబెట్టా. కింద పరుపు ముక్క కూడా వేశా."

"అంటే, నన్ను నమ్మలేదన్నమాట."

"ఎందుకు నమ్మలేదు? నాకంటే ముందు లేచి, ఎవరినీ అడక్కుండా నువ్వే సర్దేస్తావని పూర్తిగా నమ్మాను. టీవీ దించినప్పుడు ఏమైందో నాన్న చెప్పాడు."

"అది టీవీ తప్పు."

"బీరువా అద్దం?"

"అది బీరువా తప్పు. ఇంట్లో సామాను లెక్కలోకి రాదు. లారీ ఎక్కిన సరుకు సంగతి నేను చెప్పేది."

"లారీలో నలభై ఏళ్ళలో ఒక్కటీ పగల్లేదు?"

"ఒక్కటీ పగల్లేదు."

"నిజంగా?"

"...ఒక్కటి."

"ఆఁ! చెప్పు చెప్పు. దారిలోకి వస్తున్నావు."

"నువ్వు కారు దారిలోకి తీసుకురా, చెప్తా. ఒక సెలూనాయనకి నిలువెత్తు అద్దం తీసుకెళ్ళా. చిన్న గీత పడ్డా నా మీసం తీసెయ్యమని పందెం కాశా. అప్పట్లో నా మీసం ఎలా ఉండేదనుకున్నావు? ఎదురొచ్చే బళ్ళు ముందే పక్కకి తప్పుకునేవి."

"పగిలిందా?"

"సరిగ్గా నడిమికి. ఆయన ఒక్క మాట అనలేదు. పగిలిన అద్దం ముందే కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. రెండు ముక్కల్లో ఇద్దరు నేనులు, ఇద్దరికీ మీసాలు. ఇద్దరికీ గీసేశాడు."

"అయితే నీకు మీసం లేనిది అందుకా! నానమ్మ నీకు అసలు మొలవదంది."

"మీ నానమ్మ నా పరువు కాపాడింది."

"ఎలా పగిలింది? గుంతలో పడిందా?"

"గుంత చిన్నదే. నాకసలు తెలియనే లేదు. తప్పు నాది. దించడానికి తేలికని అద్దాన్ని లారీలో వెనక చివర పెట్టా. వెనక చక్రాలు దాటాక ఉన్న చోటుంది చూశావూ, అది బండికి తోకలాంటిది. ముందు కూర్చున్నవాణ్ణి ఊయల ఊపిన గుంతే ఆ చివరున్నదాన్ని ఎగరేసి కొడుతుంది. ఆ రోజు నుంచి నాజూకు సరుకేదీ చక్రాల వెనక పెట్టలేదు. ఏంటి ఉన్నట్టుండి నెమ్మదించావు?"

"డిక్కీ కూడా చక్రాల వెనకేగా తాతా?"

"అవునూ... వెనకే."

"ఆపి ఇటు మార్చేద్దామా?"

"ఎందుకు? పరుపు ముక్క వేశానన్నావుగా. పోనీ పోనీ. టైమవుతోంది."

బడి గేటు దగ్గర కారు ఆగింది. మనవరాలు డిక్కీ తెరిచి దుప్పటి తొలగించింది.

"తాతా."

"ఊఁ."

"నీలం దుప్పటిలో పాతది ఉంది."

"ఉంటుంది."

"ఉండటమేంటి? నేను పెట్టింది అసలుది! పాతది ఇక్కడుంటే అసలుది ఎక్కడుంది?"

"ఎర్ర దుప్పటిలో."

"ఎర్ర దుప్పటిలో... అంటే నీ పక్కన... అంటే పొద్దున మూడో మెట్టు నుంచి..."

"నాకంటే ముందు దిగింది."

"తాతా! ఏం చేశావు తాతా! పదింపావు అయింది! లోపల బొమ్మల్ని నడిపించే పెద్ద కార్డు ఉంటుంది, ఇటుకంత బరువు, పడితే అది పెకలించుకొచ్చేస్తుంది! ఇప్పుడు వాళ్ళకి ఏం చెప్పను?"

"గుంత అని చెప్పు. తిప్పమంటే తిప్పలేదు నువ్వు."

"నాకు ఒళ్ళు మండుతోంది, నువ్వు మాట్లాడకు."

"మాట్లాడను. ఒక కొస పట్టుకోనా?"

"ముట్టుకోకు!"

"ముట్టుకోను. తలుపు తియ్యొచ్చా?"

"...తియ్యి."

కమిటీ గది. కుర్చీలింకా ఖాళీగానే ఉన్నాయి. తీగలన్నీ తగిలించడం అయింది.

"నొక్కమ్మా."

"ఆగు, తీగలు ఇంకోసారి చూస్తా."

"నేను నొక్కనా?"

"వద్దు!"

"సరే సరే."

"...ఫ్యాను తిరుగుతోంది."

"చెప్పానా?"

"తెర నల్లగా ఉంది. ఇంకా నల్లగానే ఉంది తాతా."

"నల్లబల్ల అనుకో. నాకు ఐదేళ్ళూ అలాగే కనబడింది."

"నోరు ముయ్యి తాతా. దేవుడా, దేవుడా, దేవుడా... వచ్చింది. వచ్చింది తాతా! గేటు... వరండా... క్లాసు. అన్నీ నడుస్తున్నాయి!"

"కిటికీలు కిందికే ఉన్నాయి."

"కిందికే ఉన్నాయి. ఆగు. ఈ పెట్టె మీద ఒక్క గీత లేదు. మూల నొక్కుకుపోలేదు. మూడు మెట్లు దొర్లిన వస్తువు ఇలా ఉంటుందా?"

"దొర్లితే ఉండదు."

"తాతా..."

"పొద్దున బల్ల మీదది ఎత్తగానే తెలిసింది. నలభై ఏళ్ళు బరువులెత్తినవాడికి దూదిమూట అందిస్తావా? తాళంచెవి ఫ్రిజ్ మీదే ఉంది. డిక్కీ తీసి చూస్తే, చక్రాల వెనక పడుకోబెట్టావు నా అద్దంలాగా. దుప్పటి మీద కాగితం అంటించి, బాణం గీసి 'ఇటు పైకి' అని రాశావు కూడా. ఐదో తరగతి చదివానమ్మా, ఆ మాత్రం చదవగలను. అటే పైకి ఉంచి సీట్లోకి మార్చా. మోసేటప్పుడు మీ నానమ్మ ముందు నడిచి తలుపులు తీసింది."

"నానమ్మకి కూడా తెలుసా!"

"శాలువా ఊరికే ఇచ్చిందనుకున్నావా?"

"మరి మెట్ల మీద పడిందీ, దిగిందీ, నీకంటే ముందూ..."

"తాతని నమ్మని మనవరాలికి ఆ మాత్రం పడాలి. పొద్దుటి నుంచి నీకు చెప్పినవాటిలో నేను కల్పించింది ఆ ఒక్క ముక్కే."

"ఒక్కటేనా? మరి కోడి?"

"కోడి నిజం."