వంద చొప్పున వెనక్కి

కెనడాలోని సస్కటూన్‌లో మంచు తోసే బళ్లకి దారి చూపే ప్రోగ్రాం ఒక వీధిని వదిలేసింది. అంబులెన్సు ఆ వీధిలో గంటసేపు కూరుకుపోయింది. ఆ ప్రోగ్రాం చూసే ఆమెదే తప్పని అందరూ అంటున్నారు. మర్నాడు విచారణ. ఆమె ఇంట్లో లాప్‌టాప్ ముందు కూర్చుని, ఆఫీసు సర్వర్ చూసే పాత స్నేహితుడికి ఫోన్ చేసింది.

"కోడ్ చరిత్రంతా దించే క్లోన్ మళ్లీ నలభై ఒక్క శాతం దగ్గర తెగిపోయింది. ఇది నాలుగోసారి!"

"పదేళ్ల కోడ్ మరి, మీ ఇంటి నెట్ చాలదు. చివరి వెర్షన్ ఒక్కటే దించుకో, నిమిషంలో వచ్చేస్తుంది."

"చివరిది నేనేం చేసుకోను? ఏ లైను ఎవరు, ఎప్పుడు మార్చారో మొత్తం కావాలి."

"పోనిద్దూ. ఓ మందలింపుతో పోతుంది."

"చెయ్యని తప్పుకి ఒక్క మాట కూడా పడను. దారి చెప్తావా, పొద్దున్నే వచ్చి నీ నెత్తిన కూర్చోనా?"



"ముందు చివరిదే దించు. తర్వాత వంద మార్పుల చొప్పున వెనక్కి లాగు. మధ్యలో తెగినా, అప్పటిదాకా వచ్చింది పోదు."

ఆమె లాగింది. ఏడో వందలో ఆ వీధిని తీసేసిన మార్పు దొరికింది. పక్కనే పేరు.

"ఇది నీ పేరు."

"తెలుసు. అందుకే చివరిది చాలన్నాను."

"రేపు అందరి ముందూ పెడతాను. స్నేహమని ఆగను."

"ఆగమని అడిగానా? పట్రా. ఆ పేరు చదవడం మాత్రం నేనే చదువుతాను."