మమత తిన్న చాక్లెట్

"అవ్వా, చిన్నప్పుడు మీరు కల్లు తాగేటోళ్లట గదా! మరి నేనొక చాక్లెట్ తెచ్చుకుంటే, ఎవలిచ్చిండ్రని పోలీసోని లెక్క అడుగుతవేంది?"

తాగినం, అబద్ధమెందుకు? మా అమ్మ కలుపుకు పోయొచ్చి, ఆకు దొప్పల ఇంత ఈతకల్లు పోసేది. పొద్దుగాల దించింది, తియ్యగుండేది. సీస పావలనో ఏమో... కాదు కాదు, సీసలు ఎనుకొచ్చినయి, అప్పుడు మట్టి లొట్టితోనే పోసేటోళ్లు. ఈతచెట్లు గీసేటాయన మా ఇంటెనుక ఎంకయ్య మామ. రెండోసారి దొప్ప పట్టితే "పోయి బువ్వ తినుపో పిల్లా" అని తరిమేటోడు. ఎంత నవ్వేటోళ్లమో! మంచిదంటలేను బిడ్డా. మా మొగోళ్లు తాగొచ్చి మమ్ముల కొట్టింది గూడ గా కల్లే.

చాక్లెట్ సంగతి అడిగినవు గదా. మీ అక్క మమత ఇంటర్ల ఉండె. నువ్వప్పుడు నాలుగు... కాదు, ఐదో తరగతి. చౌటుప్పల్ కాలేజీ నుంచి ఎండల పడి వచ్చింది. గడపల కూసొని ఊకె నవ్వుతాంది. జరసేపటికి కండ్లెర్రగైనయి, గుండె దడదడ కొట్టుకుంటాందని ఏడ్వబట్టె. నన్ను జూసి "నువ్వెవరు?" అన్నది. ఎండదెబ్బ అనుకున్న. ఎండదెబ్బకు మనం ఏమిస్తం? ఈతకల్లు సలువ అంటం. గీ చేతులతోనే గిలాసెడు తాపిన.

కక్కుకున్నది. పిలిస్తే పలుకలే. ఆటోల ఏసుకొని దవాఖానకు ఉరికినం. "ఏం తిన్నది?" అన్నది డాక్టరమ్మ. నాకేమెర్క? దాని దోస్తుకు ఫోన్ జేస్తే ఆ పిల్ల ఏడ్సుకుంట చెప్పింది. గంజాయి చాక్లెట్. కాలేజీ కాడ పాన్ డబ్బల అమ్ముతరట, పైన పసిపిల్లలు తినేదాని లెక్కనే రంగు కాయితం. ఒకటి తిని, ఏం కాలేదని మమత ఇంకో రెండు తిన్నదట. కడుపులకు పోయింది ఆలస్యంగ ఎక్కుతదట బిడ్డా, ఎక్కినంక జల్ది దిగదట. దాని మీద నేను కల్లు పోస్తి! డాక్టరమ్మ నన్ను జూసిన సూపు ఇప్పటికీ మర్వలే.

రెండు దినాలకు తేరుకున్నది. మీ నాయినేమో "చదువు బంద్, సంబంధం జూస్త" అన్నడు. వాడకట్టంత "తల్లి పెంపకం" అన్నరు. తండ్రి పెంపకం అని ఒక్క నోరన్న అనలే సూడు! నేనడిగిన: "కొడకా, మీసం రాకముందే బీడీ తాగితివి. నీ బడి బంద్ జేసిన్నా?" మమత మళ్ల కాలేజీకి పోయింది.

కానీ ఒకనాడు నా పక్కల పండి చెప్పింది. "అవ్వా, నువ్వు గిలాస నోటికి పెట్టినప్పుడు నాకు జర సోయున్నది, తెలుస్తనే ఉన్నది. వద్దంటే 'ఎందుకు?' అంటవు. చాక్లెట్ సంగతి చెప్తే నాయిన చదువు మాన్పిస్తడు. అందుకే తాగిన."

సావనన్న సస్త గని, చెప్పననుకున్నది బిడ్డా. గా భయం పెట్టింది మనమే గదా...

రేపు నల్లగొండ హాస్టల్‌కు పోతున్నవ్. ఎవలేమిచ్చినా ఊకె నోట్లేసుకోకు. తిన్నవే అనుకో, ఎంటనే చెప్పు. ముందు దవాఖాన. తిట్లు తర్వాత తీరుబడిగ తిడ్త, అవి తప్పవ్. సల్లగుండు తల్లీ. నోరున్న పిల్లవై నూరేండ్లు బతుకు.