పందుల తీగ

రుద్రంగి శివారులోని మక్కచేను నుంచి మోసుకొచ్చిన భర్త శవం ఇంకా వాకిట్లోనే ఉంది. పక్కచేను రైతు వచ్చి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

“వదినె, పోలీసోళ్లు అడిగితే పాము కరిచిందని చెప్పు.”

“నీ కరెంటు తీగ సంగతి చెప్పొద్దా?”

“పందుల కోసం పెట్టుకున్న. నా చేను, నా తీగ. రాత్రిపూట అన్న నా చేన్లకెందుకు రావాలె?”

“తీగ పెట్టిన అని మాకొక్క మాటన్న చెప్పినవా?”

“చెప్తే కరెంటోళ్లకు తెలుస్తదని...”

ఆమె భర్త ముఖం మీది మట్టిని కొంగుతో తుడిచింది.

“నేను గూడ మంచె మీదనే ఉన్న. ‘తమ్ముని మక్కలల్ల పందులు పడ్డయే’ అని డబ్బా కొట్టుకుంట ఉరికిండు. మా చేన్ల ఒక్క పందన్న లేకుండె.”