పెరట్లో లేచిన నేల

బొగ్గుగని మీద, కొండవాలు కింద ఒక ఇల్లు. నేల ఎంత కుంగిందో కొలవడానికి పెరట్లో దిగగొట్టిన ఇనపమేకు దగ్గర సర్వేయరమ్మ గొంతుక్కూర్చుని ఉంది. పక్కనే ఇంటాయన. ఇంటావిడ వంటింటి కిటికీలో.

“లేచిందా? ఎంత లేచింది?”

“అంత సంబరమెందుకు బాబాయిగారూ? కింద బొగ్గు తవ్వితే పైన నేల కుంగుతుంది. లేవదు.”

“మాది మంచి నేలమ్మా. కాస్త పొంగింది.”

“పొంగడానికి ఇదేమన్నా పాలా?”

“నేనూ ఆ గనిలో చేసి రిటైరైనవాణ్ణే. నేల ఒక్కోసారి ఊపిరి పీలుస్తుంది. ఇల్లు భేషుగ్గా ఉంది, ఖాళీ చెయ్యక్కర్లేదని రాసుకో.”

“పోయినసారి కొలిస్తే జానెడు కుంగింది. ఇప్పుడేమో బెత్తెడు లేచింది. నేనేం రాయాలి?”

“కుంగిందనే రాయమ్మాయ్! వంటింట్లో గిన్నెలు వాటంతటవే దొర్లుతున్నాయి.”

“నువ్వు విసిరితే దొర్లవూ మరి!”

“పిన్నిగారూ, మీరూ ఒకసారి ఇలా రండి. ఆఁ, చూడండి. ఈ మేకు తలమీద ఈ సొట్టలేమిటి?”

“కోళ్ళు.”

“కోళ్ళా?”

“పొడుస్తాయమ్మా. మా కోళ్ళకి కోపం జాస్తి.”

“ఇనుముని పొడుస్తాయా?”

“ఇనుమునే.”

“సరే. మరి మేకు మొదట్లో ఈ తవ్విన మట్టి? బాబాయిగారూ, మిమ్మల్నే.”

“ఎలుకలు.”

“గడ్డపార గంటు కూడా ఉంది. ఎలుకలు గడ్డపార పట్టుకొచ్చాయా?”

“ఏవండీ, ఇటు చూడండి. నా మొహంలోకి. మేకు పైకి లాగింది మీరేనా?”

“కిందకి కొట్టింది నువ్వేనా?”

“ముందు మీరు చెప్పండి.”

“ముందు నువ్వు.”

“కొట్టాను! సుత్తి పెట్టి మరీ కొట్టాను! గనివాళ్ళు కొత్త కాలనీలో ఇల్లిస్తామంటే వద్దంటారేం? గోడ పగుల్లోంచి పక్కింటావిడ కూరేంటని అడుగుతోంది. స్నానాల గది తలుపు మూతపడి చావదు. లోపల మనిషుందని తెలియాలంటే పాడుకుంటూ స్నానం చెయ్యాల్సొస్తోంది!”

“ఓహో, అందుకా ఆ పాటలు! హుషారుగా ఉన్నావేమో అనుకున్నా.”

“మీకన్నీ హుషారే.”

“ఆ గోడ నా చేతుల్తో కట్టానే! నువ్వు ఇటుకలందించావు. గుర్తులేదూ?”

“గుర్తుంది. ఆ గోడే మీ మీద పడితే, నేను...”

“నువ్వు?”

“ఏం లేదు. కంట్లో నలక పడింది.”

“ఎవరేం చెప్పినా నేను మాత్రం కదలనమ్మాయ్. కూలితే దీంతోపాటే కూలతాను. రాసుకో.”

“మొండి మనిషని కూడా రాసుకో.”

“నేనేం రాయను. మీ ఇద్దరి పేర్లూ పైవాళ్ళకి చెప్పను కూడా, నవ్వాపుకోలేక చస్తున్నాను గనక. మేకు నేనే సరిచేసుకుంటాను. కానీ కొండ మీద మేకుల్ని కూడా ఎందుకు కదిపారండీ?”

“ఏ మేకులు?”

“వెనక, వాలు మీద పాతాం కదా. పైవరస మొత్తం కిందకి జరిగింది. ఇటువైపే. పోయినసారే మీ పెరటి మేకు మీద అనుమానమొచ్చింది గనక, అదీ మీ పనే అనుకుని తాపీగా వచ్చాను.”

“అంత ఎత్తుకా? నా మోకాళ్ళకి మన అరుగెక్కడమే గగనం.”

“గడ్డపార మోసుకుని నేనెక్కడ ఎక్కుతానమ్మా? సగంలోనే ఆయాసంతో కూలబడతాను.”

“నవ్వులాట కాదు. ఇద్దరిలో ఎవరూ వెళ్ళలేదా?”

“లేదు తల్లీ. ఒట్టు.”

“బాబాయిగారూ?”

“పెరట్లోది నేనే లాగాను. కొండ మీదవి నేనెరగను.”

“మీరు గనిలో చేశారు. మనుషులెవరూ ముట్టుకోకుండా మేకుల వరస మొత్తం జరిగిందంటే అర్థమేంటి?”

“కొండ జారుతోందని.”

“పిన్నిగారూ, ఏమీ సర్దొద్దు. చెప్పులేసుకుని బయల్దేరండి. నేను పక్కిళ్ళ తలుపులు కొట్టి అందర్నీ బయటికి పిలుస్తాను. బాబాయిగార్ని మీరెలాగైనా బతిమాలో, బెదిరించో... ఏరీ ఆయన? ఇప్పుడే ఇక్కడున్నారుగా!”

“ఆయనా? అదుగో, వీధి చివర. నా చెప్పులు కూడా పట్టుకుపోయారు.”